సగం జడ

"బేటా, ఈ తల్లి జడ వేస్తోందా, తాడు లాగుతోందా?" అన్నారు మాస్టారు నా కాన్వాస్ చూసి. ఒళ్ళు మండింది. ప్రతి ఆదివారం ఇందిరాపురం నుంచి జనక్‌పురి దాకా మెట్రోలో పడి వెళ్ళేది ఈ మాట పడడానికా!

ఆయన దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలంటే ముందు పాతకాలపు చిత్రం ఒకదాన్ని ఉన్నదున్నట్టు దించాలి. నేను ఎంచుకున్నది కూతురికి జడ వేస్తున్న తల్లి బొమ్మ. చీర బాగానే వచ్చింది. మొహాలూ పర్లేదు. తల్లి వేళ్ళే కుదిరి చావలేదు.

"ఇంట్లో పాప ఉందిగా? జడ వేసి చూసుకుని, దిద్దుకురా" అన్నారు. మా పాపకి రోజూ జడ వేసేది ఇంట్లో పనిచేసే దీదీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ సాయంత్రం "రావే, జడేస్తాను" అన్నాను.

"సచ్చీ, మమ్మా? నువ్వా?" అంటూ పరుగెత్తుకెళ్ళి దువ్వెన, క్లిప్పులు, పుట్టినరోజు రిబ్బను అన్నీ తెచ్చి నా ఒళ్ళో పోసింది. నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని స్కూలు కబుర్లు మొదలెట్టింది. స్టూలు మీద ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టానని దానికి తెలియదు.

జడ సగానికి వచ్చేసరికి నా వేళ్ళు అచ్చం బొమ్మలోలాగే కుదిరాయి. "కదలకు" అన్నాను. ఊపిరి బిగబట్టింది, పిచ్చితల్లి. "రెండు నిమిషాలమ్మా, ఇప్పుడే వస్తా" అని ఫోన్ తీసుకుని కాన్వాస్ ముందుకెళ్ళాను. బ్రష్ పట్టుకుంటే నాకు ఒళ్ళు తెలియదు కదా, నా మొహం!

తలెత్తేసరికి పాప వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. మిగతా సగం దీదీ అల్లుతోంది. స్కూలు కబుర్లు ఆగిపోయాయి.

"అచ్ఛా! ఇప్పుడు ఈ చేతిలో అమ్మ కనిపిస్తోంది" అన్నారు మాస్టారు మరుసటి ఆదివారం. సిగ్గుతో చచ్చిపోయాను. థాంక్యూ సర్ అన్నాను, ఇంకేమంటాను?

బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ళంతా ఆ చేతినే మెచ్చుకుంటారు. నేను రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని పిలుస్తాను. "దీదీ వేసేసింది మమ్మా" అంటుంది పాప, ఏ కోపమూ లేకుండా. అదే నన్ను తినేస్తోంది.

నిన్న పాప ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"మమ్మా, ఈ పాప జడ ఇంకా సగమే ఉంది."

"అవునమ్మా."

"బేచారీ, పాపం. వీళ్ళింట్లో దీదీ లేదా?"