చూడటానికో లైసెన్సు, వినడానికో లైసెన్సు

ఇంట్లో టీవీ పెట్టుకోవడానికి సర్కారు దగ్గర లైసెన్సు తీసుకునేవాళ్లమంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా మనవరాలైతే "లైసెన్సు తుపాకీకి కదా" అంది. మా ఛత్రినాకలో ఆ రోజుల్లో సైకిలుకు లైసెన్సు ఉండేది, రేడియోకు ఉండేది, కుక్కలకు కూడా ఉండాలనేవాళ్లు. మా గల్లీ కుక్కల్లో ఒక్కటి కూడా చూపించిన పాపాన పోలేదు. హైదరాబాదుకు టీవీ వచ్చాక దానికీ పెట్టారు. పోస్టాఫీసుకు వెళ్లి, రుసుము కట్టి, చిన్న పుస్తకం మీద ముద్ర వేయించుకుని రావాలి. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ పద్ధతే తీసేశారు కానీ, ఈలోగా మా ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాదైనా కాలేదు. మా ఆయన కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. గల్లీలో మొదటి టీవీ మాదే. చెక్క తలుపులున్న పెద్ద పెట్టె అది. మా అత్తమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టింది. కొబ్బరికాయ కూడా దాని నెత్తినే కొట్టబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. మర్నాడు పోస్టాఫీసు నుంచి లైసెన్సు పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని అడిగింది.

"ఎవల పేరు మీదున్నదిరా?"

"నా పేరు మీద."

"మరి నేను చూడొద్దా?"

సెకండ్ షిఫ్టుకు లేటవుతోందని ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. "నీకు వేరే తీస్కోవాలె అమ్మా. లేకుంటే పట్కపోతరు" అని బస్సెక్కి పోయాడు.

ఆయన ఆడింది పరాచికం. అత్తమ్మ దాన్ని అట్లాగే తీసుకెళ్లి ఎదురింటి ఆటో డ్రైవర్ ముందు పెట్టింది. లైసెన్సు అనే వస్తువును జేబులో పెట్టుకుని తిరిగేవాడు గల్లీ మొత్తానికి ఆయన ఒక్కడే. ఆయన బీడీ ఆర్పి మరీ ఆలోచించాడు.

"బండికి బండి కాగితాలుంటయమ్మా, నడిపేటోనికి వేరే లైసెన్సు ఉంటది. అన్న లైసెన్సు మీద తమ్ముడు నడిపితే పోలీసోడు ఊకుంటడా? చూసేది గూడ గంతే గావొచ్చు."

ఇంకేముంది, ఖరారైపోయింది. టీవీ పెట్టుకోవడానికి మా ఆయనకు లైసెన్సు ఉంది. చూడటానికి గల్లీలో ఎవరికీ లేదు. నేను ఇంటర్మీడియట్ చదివినదాన్ని. అట్లా ఉండదు అత్తమ్మా అని ఎంత చెప్పినా "చదువుకున్నోళ్లే ముందుగాల జైలుకు పోయేది" అని నా నోరు మూయించింది. మా ఆయన రాత్రి వచ్చి, నేను నవ్వులాటకన్నానని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పుడు ఆమెకు అనుమానం ఇంకా గట్టిపడింది. తల్లి భయపడుతుందని కొడుకు అబద్ధమాడుతున్నాడట.

పోనీ భయపడి చూడటం మానేశారా అంటే, అదీ లేదు. సాయంత్రమయ్యేసరికి మా ముందు గది నిండిపోయేది. అత్తమ్మ మాత్రం గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చునేది. సంచి పట్టుకుని, ప్యాంటు చొక్కా వేసుకున్న కొత్త మనిషి ఎవరు కనిపించినా "మొకం తిప్పుండ్రి" అనేది. అంతే, గదిలో ఉన్న జనమంతా గిరుక్కున వెనక్కి తిరిగి గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు కదా, మాది కళ్లు తెరుచుకుని గోడను తాగడం.

ఒకసారి కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడు. అత్తమ్మ మాట వినపడగానే అందరూ తిరిగారు, తలలు దించుకున్నారు, ఎవరూ ఉలకరు పలకరు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, నా దగ్గరికి వచ్చి మెల్లగా "ఎవలు పోయిండ్రమ్మా?" అని అడిగాడు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది ఏడుపనుకుని పాపం దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నెల బిల్లు అందాజా మీద వేశారు, తక్కువే వచ్చింది. దాంతో అత్తమ్మ పద్ధతి మీద గల్లీకి మస్తు గురి కుదిరింది.

మా పక్కింట్లో, గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె ఉండేది. ఆమె మొగుడు పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా డోలు వాయించేవాడు. ఆయన డోలు మొదలుపెడితే దుల్హాను, అంటే పెళ్లికొడుకును, మోసే గుర్రం కూడా అడుగు మార్చి నడుస్తుందని చెప్పుకునేవాళ్లు. ఇంట్లో మాత్రం మనిషి మహా గంభీరం. సలాం చేస్తే, ఏం తప్పు చేసి వచ్చావన్నట్టు చూసేవాడు. ఖాలాకు ఆయన వాయించగా చూసే యోగం ఎన్నడూ పట్టలేదు. ఊరేగింపుల్లో మగవాళ్ల గుంపు నడుమ ఆయన ఉంటాడు, ఆమె ఇంట్లో ఉంటుంది. ఇంటి దగ్గర ఆయన డోలు చర్మం నిప్పు సెగకు వేడి చేసి, రెండు దెబ్బలు వేసి చూసుకుని పోతాడు. ఆమె చూసింది ఆ రెండు దెబ్బలే.

"మీ పెళ్లిలో కూడా చూడలేదా ఖాలా?" అని అడిగాను ఒకసారి.

"మా షాదీల ఆయన దుల్హా అయిపాయె గద బేటీ. దోస్తులు వాయించిండ్రు" అంది.

అట్లాంటిది ఆయన జట్టును టీవీ వాళ్లు పిలిచి వాయింపు రికార్డు చేసుకున్నారు. అది ఒక గురువారం సాయంత్రం వస్తుందని కబురందింది. అదే సాయంత్రం ఆయనకు యాకుత్‌పురాలో పెళ్లి పని ఉంది. "ఒప్పుకున్న షాదీ ఇడిచిపెట్టి నా మొకం నేను చూసుకుంట కూసోవాల్నా?" అని డోలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఖాలా మధ్యాహ్నమే వచ్చింది. రంజాన్ పండక్కి తీసే ఆకుపచ్చ దుపట్టా కప్పుకుంది. మూసి ఉన్న టీవీ తలుపుల ముందు మొదటి వరసలో కూర్చుని, పది సార్లు "కరెంటు పోదు గద బేటీ?" అని అడిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని "ఒక్కసారి చూస్త. గంతే నాకు" అంది. వెంటనే అత్తమ్మ దగ్గరికి వెళ్లి, ఇవాళ ఎవరొచ్చినా లొల్లి చెయ్యొద్దని చెప్పాను.

"నేనెందుకు జేస్తనే లొల్లి? నేనెన్నడన్న జేసిన్నా?" అందామె.

సాయంత్రానికి గల్లీ అంతా మా గదిలోనే ఉంది. కార్యక్రమం మొదలైంది. నలుగురైదుగురు వరసగా నిలబడ్డారు, డోళ్లు ఎత్తారు. మొదటి దెబ్బ పడిందో లేదో, గుమ్మం ముందు ఒక సైకిలు ఆగింది. బక్కపలచటి మనిషి, చేతిలో తోలు సంచి. మా ఇంటి మీద ఏరియల్ వంక చూసి, "టీవీ లైసెన్సు చెకింగ్" అన్నాడు. ఎప్పుడూ మీటర్ల వాళ్లే వచ్చిన ఇంటికి ఈసారి అసలువాడే వచ్చాడు.

అత్తమ్మ అన్న మాట గాలికి పోయింది. "మొకం తిప్పుండ్రి."

గదంతా తిరిగిపోయింది. అలవాటు పాడుగాను, నా తల కూడా సగం తిరిగింది.

ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. గదిలో అడుగు పెట్టడానికి ఖాళీ ఉన్నది టీవీ ముందే. అక్కడే నిలబడ్డాడు. నేను అల్మారాలోంచి పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆయన ముద్ర చూస్తున్నాడు. ఆయన కాళ్ల సందులోంచి ఖాలా ఒకసారి ఎడమకు వంగి, ఒకసారి కుడికి వంగి తంటాలు పడుతోంది. వెనక డోళ్లు మోగుతూనే ఉన్నాయి. టైము అయిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆ లైసెన్సు పుస్తకాన్ని లాక్కుని ఆయన్ని వీధిలోకి నెట్టాలనిపించింది.

ఆయన తల ఎత్తి, అటు తిరిగి కూర్చున్న వీపులన్నీ చూశాడు. "వీళ్లంత ఎందుకమ్మా గట్ల కూసున్నరు?"

అత్తమ్మ కూడా గోడవైపే తిరిగి ఉంది. తల తిప్పకుండానే జవాబు చెప్పింది. "మేం చూస్తలేం సార్. వింటున్నం, గంతే. వినెతందుకు రేడియో లైసెన్సు ఉన్నది మాకు. నా పేరు మీదనే ఉన్నది."

అట్లాంటి జవాబుకు ఏం చెయ్యాలో వాళ్ల ఆఫీసులో నేర్పి ఉండరు. చివరికి ఖాలా వైపు చూపించి "మరి ఈమె?" అన్నాడు.

"బీబీ, తిరుగవ్వా, నీ కాళ్లు మొక్కుత" అంది అత్తమ్మ గోడతోనే.

ఖాలా తిరగలేదు. చూపు కూడా మళ్లించలేదు. "సాబ్, ఆ డోలు గొట్టేటోడు నా మనిషి. ఆయన్ని చూసే లైసెన్సు నాకు షాదీనాడే ఖాజీ సాబ్ ఇచ్చిండు. నికానామా ఇంట్ల ఉన్నది, ఇది అయినంక తెస్త. జర బాజూకు జరుగుండ్రి."

ఇన్‌స్పెక్టరు జరిగాడు. జరిగి, చెప్పులు విడిచి, ఆమెకు అడ్డం రాకుండా గోడ వారన కూర్చున్నాడు. ఆ గదిలో మర్ఫా చివరిదాకా చూసింది వాళ్లిద్దరే, నేను ఖాలా మొహమే చూస్తున్నాను. అయిపోయాక ఆయన లేచి, పుస్తకం నా చేతికిచ్చి, "ఇంటికొక్కటే లైసెన్సు అమ్మా. ఎంతమందన్న చూడొచ్చు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. గల్లీ జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. అప్పటికి టీవీలో ఒకాయన వరికి యూరియా ఎప్పుడు చల్లాలో చెబుతున్నాడు. అందరూ ధైర్యంగా, కళ్లు విప్పార్చుకుని యూరియా చూశారు.

మర్నాడు పొద్దున ఖాలా మొగుడు ఇల్లిల్లూ తిరిగాడు. తాను ఎట్లా కనిపించాడో తెలుసుకోవాలని ఆయనకూ ఉంది, పైకి చెప్పడు కానీ. ఆటో డ్రైవర్ "మస్తు కొట్టినవ్ భాయ్" అన్నాడు. "నేను ఏ దిక్కు నిలబడ్డ?" అని అడిగితే ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. మా గుమ్మానికొచ్చి అడిగితే అత్తమ్మ "సౌండు బాగొచ్చింది భాయ్" అని లోపలికి జారుకుంది. తేలు కుట్టిన దొంగల్లా అందరూ అట్లాగే. ఆయన మొహం చిన్నబోయింది. ఇక మిగిలింది ఖాలా ఒక్కతే. ఆమె మా నల్లా దగ్గర బిందె పట్టుకుంటోంది.

"నువ్వన్న చూసినవా?" అన్నాడు.

"చూసిన. నవ్వుకుంట కొట్టినవ్" అంది ఖాలా. "నువ్వు గట్ల నవ్వుతవని నాకు తెల్వనే తెల్వదు."

ఆయన నేల చూపులు చూశాడు. "కెమెరాల నవ్వమని వాళ్లన్నరు. అందుకు నవ్విన."

ఖాలా బిందె దించి, తడి చేతులు దుపట్టాకు తుడుచుకుని ఆయనకు ఎదురుగా నిలబడింది.

"వాళ్లంటే నవ్వితివి. ఇప్పుడు నేనంటున్న. హసో."