మరియమ్మకు ఎక్కించిన పది సీసాలు

2022లో ఉదయగిరి వైపు ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పాము కరిచిందని ఎవరొచ్చినా మా పద్ధతి ఒకటే. టీటీ సూది వేసి, చీటీ మీద ‘రిఫర్’ అని రాసి ఆత్మకూరు పెద్దాసుపత్రికి పంపేయడం. విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ మా ఫ్రిజ్‌లోనే ఉండేది. గడువు తీరేదాకా భద్రంగా దాచి, తీరాక తిప్పి పంపేవాళ్లం. ఆ మందు పడక మనిషి మన చేతుల్లో పోతే ఎవరు జవాబు చెప్పాలని భయం. ఆరేళ్లు నేనూ అదే చేశాను.

ఒక మధ్యాహ్నం వేరుశనగ చేలో కలుపు తీస్తుండగా పాము కరిచిన మరియమ్మను భర్త ఏసుదాసు ఆటోలో తెచ్చాడు. పాదం అప్పటికే వాచిపోయింది.

"రక్తపింజరమ్మా. నా కళ్లతో చూసినాను" అన్నాడు.

కొత్తగా చేరిన డాక్టరమ్మ రిఫర్ చీటీ అందుకుంది. 108 వేరే కేసు మీద పోయింది. ఆటోలో పంపినా ఆత్మకూరు గంట పైనే. ఫ్రిజ్‌లో మందు పెట్టుకుని ఇంకా చీటీయేనా అని నాకు ఒళ్లు మండింది. "ముందు రక్తం చూద్దాం మేడమ్" అన్నాను. పొడిగా ఉన్న గాజు ట్యూబులో కాస్త రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

ట్యూబు వంచితే రక్తం నీళ్లలా జారింది.

"రియాక్షన్ వస్తే సిస్టర్?"

"అడ్రినలిన్ సిరంజిలో తీసి పెట్టినాను. ఉత్త చేతులతో పంపితే దారిలో ఎవరు కాపాడతారు మేడమ్?"

ఆమె చీటీ పక్కన పెట్టింది. "ఏఎస్‌వీ సీసాలు పదీ తీయండి."

ఆ పొడి మందు కరగాలంటే సీసాను ఊపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. ఇద్దరం దొర్లించాం. డ్రిప్ ఎక్కుతుంటే మరియమ్మ లేవబోయింది.

"బిడ్డలు బడినించి వచ్చే యాళైందమ్మా, నన్ను పంపించేయండి."

"చెయ్యి కదిలిస్తే నీ పని చెప్తా, పడుకో."

సీసాలన్నీ ఎక్కాక 108 వచ్చింది, ఆత్మకూరు పంపాం. ఆరు గంటల తర్వాత అక్కడ మళ్లీ పరీక్ష చేసి ఫోన్ చేశారు. ఈసారి ట్యూబులో రక్తం గడ్డకట్టింది. డాక్టరమ్మా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశాం.

పది రోజులకు మరియమ్మ తన కాళ్లతో నడిచొచ్చింది.

"ఈ మందు ఎప్పటినించి ఉండాది మీకాడ?"

"చానాళ్లుగా."

"మరి అందర్నీ ఆత్మకూరుకు ఎందుకు తరిమినారు?"

"భయపడి" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఇంక భయపడబాకండి" అంది.

మా దగ్గర ఏమీ లేదని చెప్పుకోవడం మాకు బాగా అలవాటు. ఉన్నదాన్ని వాడే ధైర్యమే లేదని నాకు ఆమె వల్ల తెలిసింది. ఆ తర్వాత పాము కరిచిన ఏ మనిషినీ మేం ఉత్త చీటీతో బండి ఎక్కించలేదు.