పరస్థానం పెట్టిన రైలు పాసు

మాది నరసరావుపేటలో బట్టల కొట్టు. అన్నయ్యా, నేనూ, మా ఆవిడా కలిసి నడుపుతాం. ఒక రోజు మా ఆవిడ జిరాక్స్ షాపులో యూరప్ మ్యాపు పెద్దదిగా తీయించుకొచ్చి, చీరల డబ్బా అట్టకు అంటించి, ఫాల్స్ కుట్టే మిషను పక్కన నిలబెట్టింది. ఊర్లున్న చోట గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారాలు కట్టింది. ఎర్రదారం స్పీడు రైళ్లకి, ఆకుపచ్చ దారం కొండల్లో మెల్లగా పోయే రైళ్లకి.

ఎర్రదారాలన్నీ నా కోసం. గంటకు మూడొందల కిలోమీటర్లు పోయే రైలెక్కబోతున్నానని పెళ్లిబట్టలకు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి. ఆకుపచ్చది ఒక్కటే, అది ఆమెది. స్విట్జర్లాండులో కూర్ అనే ఊరి నుంచి మంచుకొండ మీదుగా ఇటలీ సరిహద్దులో తిరానో దాకా పోయే రైలు.

పదిహేను రోజుల పాసు ఒకటి ఉంది. అది ఉంటే దేశం మారినా రైలు మారినా మళ్లీ టిక్కెట్టు కొనక్కర్లేదు. స్పీడు రైళ్లకు మాత్రం పాసున్నా సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి.

"ఈ కొండ మీద అద్దాల పెట్టెల రైలొకటి ఉంది. దానికీ సీటు కట్టాలంట," అంది మా ఆవిడ చీర మడత పెడుతూ. "అదే పట్టాల మీద మామూలు రైలు కూడా పోతది. దానికేం అక్కర్లా. పైగా దాని కిటికీలు తెరుచుకుంటయ్యంట."

అన్నయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి నవ్వాడు. "కొండ చూడ్డానికి అంత దూరమా అమ్మాయ్? మన కోటప్పకొండ ఏమైంది?"

"కోటప్పకొండకి రైలు లేదుగా బావగారూ."

ఈ కొండ రైలు కోరిక కొత్తదేం కాదు. పెళ్లయిన కొత్తలోనే అరకు రైలెక్కాలంది. రెండుసార్లు టిక్కెట్లు తీశాను, రెండుసార్లూ రద్దు చేశాను. ఒకసారి బయలుదేరే వేళకు వర్జ్యం ఉందన్నాడు అన్నయ్య. ఇంకోసారి తిథి బాగోలేదన్నాడు. ఊటీ రైలు సంగతి అక్కడి దాకా కూడా రాలేదు. నిజం చెప్పాలంటే నాకు వర్జ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నది అన్నయ్య మొహం చిట్లిస్తాడన్న భయం. దానికి పంచాంగం అని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను. ఇది చదివి మా వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

ఈసారి విమానం టిక్కెట్లూ, ఆ పాసూ ఆమే తీసింది, నన్ను అడగలేదు. విమానం జ్యూరిక్‌లో దిగుతుంది, మళ్లీ అక్కడి నుంచే వెనక్కి. దిగగానే పారిస్, ఆ పైన బార్సిలోనా, మిలాన్. మొదటి పది రోజులూ నా ఎర్రదారాలే. ఆకుపచ్చదాన్ని ఆఖర్న పెట్టమన్నది కూడా నేనే. "నీ కొండలు యాడికి పోతయ్యే, తర్వాత చూద్దాంలే" అన్నాను. "తర్వాతేగా" అని ఊరుకుంది.

అన్నయ్య పంచాంగం తీశాడు. మేము ఇంట్లోంచి బయలుదేరేది మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా రాహుకాలం. పైగా ఆ తెల్లారే అమావాస్య. "పరస్థానం పెట్టాల్సిందేరా," అన్నాడు. మా వైపు అదొక పద్ధతి. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, దానికి ముందే ఒక మంచిరోజు చూసి, ఆ వేళకు బట్టల సంచొకటి ఎదురింట్లో పెట్టి వస్తారు. ఇక ఆ మనిషి అప్పుడే ఇల్లు కదిలినట్టు లెక్క.

ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, ఆదివారం పొద్దున మంచి వేళ కుదిరింది. ఎదురింటావిడ మిషన్ స్కూల్లో టీచరు. మేమంతా అక్కయ్యా అంటాం. చర్చికి బయలుదేరుతూ గుమ్మంలోనే సంచి అందుకుంది.

"మీ ముహూర్తాలు మా ఇంట్లో పనిచేస్తయ్యా తమ్ముడూ?"

"సంచికి మతమేంది అక్కయ్యా!"

"అయితే ఉండనీ. మావాడి షూల పక్కన పెడతా. అది అలిగి పారిపోతే మాత్రం నన్నడక్కు."

కొట్టుకు తిరిగొచ్చేసరికి మా ఆవిడ జాకెట్టు గుడ్డలు చూపిస్తోంది. ఆమె ఫోను మిషను మీద ఉంది. మా ఇద్దరి పాసూ అందులోనే ఉంది, ఇంకా మొదలుపెట్టలేదు. ఏ తేదీ నుంచి కావాలో చెప్పి మొదలుపెడితేనే అది నడుస్తుంది. సంచి కదిలింది, పాసు కదల్లేదే అనిపించింది నాకు. అసలు ప్రయాణం చేసేది పాసే కదా. అన్నయ్య వంక చూశాను. "మంచి వేళ దాటకముందే దాన్నీ కదిలించరా," అన్నాడు.

ఫోను తీసి ఆ రోజు తేదీ పెట్టాను. నిజంగా మొదలుపెట్టమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. చదివాను. అర్థమైంది కూడా. తేదీ వచ్చాక మార్చడం కుదరదని దాని కిందే రాసి ఉంది. అవునని నొక్కాను. పాసు మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. చానా మంచి పని చేశాననుకున్నాను.

సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు మా ఆవిడ ఫోను చూసింది. కుర్చీలో కూర్చుంది.

"పాసు ఎవరు మొదలుపెట్టారు?"

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అన్నయ్య చెప్పాడే."

ఆ పాసు పదిహేను రోజులూ ఆ ఆదివారం నుంచే నడుస్తాయి. మేము జ్యూరిక్‌లో దిగేసరికి మిగిలేది ఐదు రోజులు. ఆ ఐదు నా ఎర్రదారాలకే సరిపోవు. అన్నిటికంటే వెనక ఉన్న ఆకుపచ్చదారానికి ఒక్కరోజు కూడా మిగలదు. రాత్రి కంపెనీకి మెయిలు పెట్టాం. మొదలైన పాసు వెనక్కి తీసుకోలేమని జవాబొచ్చింది.

పాసు పాడు చేయడం కంటే పెద్ద తప్పు ఆ "అన్నయ్య చెప్పాడు" అనే మాట. నొక్కింది నా వేలు. అరకు టిక్కెట్లు రద్దు చేసింది కూడా నా వేలే. ఇన్నేళ్లూ వేలు నాది, పేరు అన్నయ్యది.

పొద్దున్నే కొట్టుకొచ్చేసరికి మా ఆవిడ మ్యాపు ముందు నిలబడి ఎర్రదారాలు ఒక్కొక్కటే ఊడదీస్తోంది.

"అదేందే, పారిస్ తీసేస్తున్నావ్?"

"మిగిలింది ఐదు రోజులు. అవి నావి. దిగీ దిగంగానే కొండ ఎక్కుతా. పాసు అయిపోయిందాక ఆ రైల్లోనే పైకీ కిందికీ తిరుగుతా. తర్వాత అక్కడే ఏదో ఊళ్లో ఉంటా."

"మరి స్పీడు రైలు?"

"మీ ముహూర్తంలో పోయింది."

"జనానికి ఏమని చెప్పేది?"

"అన్నయ్య చెప్పాడని చెప్పండి."

అన్నయ్య గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను మిషను మీద పడ్డ ఎర్రదారాలు ఏరి ఉండ చుట్టాను. వేరే పనేం తోచలేదు.

మంగళవారం వచ్చింది. అన్నయ్య పొద్దున్నించీ మా వాకిట్లోనే. "పన్నెండు లోపల గుమ్మం దాటండి. అక్కయ్య వాళ్లింట్లో కూర్చుని మూడింటికి కారెక్కండి. సంచి ఎట్టాగూ అక్కడే ఉంది."

మా ఆవిడ రోడ్డు దాటి వెళ్లింది. సంచి తెచ్చి మళ్లీ మా ఇంట్లోనే, మంచం మీద పెట్టింది. పరస్థానం పెట్టిన సంచి వెనక్కి తీసుకురావడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. అక్కయ్య గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏంది అమ్మాయ్ ఇది?" అన్నాడు అన్నయ్య. అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చెప్పు దానికి."

ఆమె కూడా నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అరకు టిక్కెట్లప్పుడు రెండుసార్లూ చూసిన చూపే. నేనేం చెబుతానో తెలుసుకుందామని కాదు. ఎట్టాగూ తెలిసిందే, ఎంతసేపట్లో చెబుతానోనని.

"మా ఇంట్లోంచే బయలుదేరతాం అన్నయ్యా. మూడింటికే."

"రాహుకాలంరా!"

"ఉండనీ. మంచి వేళ చూసి చేసిన పని చూశాంగా."

అన్నయ్య మొహం చిట్లించాడు. ఇన్నేళ్లూ నేను భయపడ్డది దానికే. చిట్లించిన మొహం చిట్లించినట్టే ఉంది, ఇంకేం జరగలేదు. మూడు దాటాక తాళం వేసి కారెక్కాం. పిడుగురాళ్ల దాటిందాక మా ఆవిడ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. కృష్ణ మీద వంతెన వచ్చాక పల్లీల పొట్లం విప్పి నా చేతిలో సగం పోసింది. క్షమించిందని నేననుకోను. పల్లీలు పెట్టిందంతే.

కొండ రైలు కిటికీ నిజంగానే తెరుచుకుంది. లాగితే కిందికి జారింది. మంచు మీది గాలి మొహానికి కొట్టింది. ఆమె తల బయటికి పెట్టినంత పని చేసింది. తిరానోకి దగ్గర్లో ఒక రాతి వంతెన మీద రైలు గుండ్రంగా తిరిగి తన కిందుగానే పోతుంది. సరిగ్గా అప్పుడే అన్నయ్య వీడియో కాల్.

"ఏదిరా స్పీడు రైలు? ఎంత పోతంది?"

పెట్టెలో వాళ్లంతా మావైపు చూస్తున్నారు. "స్పీడు లేదన్నయ్యా. మన మాచర్ల ప్యాసింజరు దీనికంటే నయం."

"మరెందుకురా పోయింది?"

"దీనికే," అని ఫోను కిటికీ వైపు తిప్పాను. ముందు పెట్టెలు మా కింద నుంచి పోతున్నాయి. "కింద పడేయబోకు ఫోను," అన్నాడు అన్నయ్య.

ఐదు రోజులూ ఆమె చెప్పినట్టే పైకీ కిందికీ తిరిగాం. ఆదివారంతో పాసు అయిపోయింది. "చాల్లెండి, చూశాంగా," అందామె ఆ రాత్రి, బీపీ మాత్ర వేసుకుంటూ. అది చాల్లెండి అనే గొంతు కాదు. నాకిప్పుడు తెలుస్తుంది.

సోమవారం పొద్దున రాహుకాలం ఏడున్నరకే మొదలవుతుంది. అది ఇక్కడి గడియారం ప్రకారమో నరసరావుపేట గడియారం ప్రకారమో అన్నయ్యను అడగలేదు. ఆమె లేవకముందే స్టేషనుకు నడిచి వెళ్లి, ఎనిమిదింటి రైలుకి రెండు టిక్కెట్లు కొన్నాను. కిటికీ తెరుచుకునే రైలే కదా అని మాత్రం రెండుసార్లు అడిగాను.