కుంటాల్సిన కాలు

నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద పట్టుకుంటే చిటపటమంటూ నల్లటి నూనె కారుతుంది. ఆ నూనెతో నొప్పి ఉన్నచోట చుక్కలు పెడతారు. చర్మం పొంగి, బొబ్బలెక్కి, రసి కారుతుంది. కారినదాంతో పాటు నొప్పీ పోతుందని మా గోదావరిఖని వైపు నమ్మకం. ఆ వాసన తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. కొమురెల్లి సంగతి తలచుకున్నప్పుడు పుట్టే రోత మాత్రం వేరు.

డెబ్బయ్యవ దశకం మొదట్లో, నేను బడిలో పంతులుగా కొత్తగా చేరినప్పుడు, అతను మా పక్క క్వార్టర్‌లో ఉండేవాడు. గనిలో పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి, మోసి, పట్టాల మీది టబ్బు నింపడం అతని పని. పైకప్పు కిందికి ఉన్నచోట మోకాళ్ల మీద కూచునే ఎత్తాలి. ఏళ్ల తరబడి ఎత్తేసరికి కుడి మోకాలూ కుడి భుజమూ చెడిపోయాయి. భుజం పడుకోనివ్వదు, మోకాలు నడవనివ్వదు. గని దవాఖానలో రెండింటికీ ఒకటే ఘాటు మలాం ఇచ్చేవారు. అది రాసుకుని మళ్లీ అదే బొగ్గులో మోకాలు ఆనిస్తే ఏం తగ్గుతుంది? అతనికి కావలసింది గని బయట పని, సర్ఫేస్ డ్యూటీ. దానికి డాక్టరు రాయాలి.

డాక్టరు దగ్గరికి పోయే ముందు, నొప్పి చూడలేక భార్య మల్లక్క ఆ మోకాలికి జీడి చుక్కలు పెట్టింది.

గనుల దగ్గర జీడికి ఇంకో వాడకం ఉందని ఆమెకు తెలియదు. డ్యూటీ ఎగ్గొట్టాలనుకునేవాళ్లు మంచి మోకాలికే జీడి రాసుకుని, వాచిందని దవాఖానకు పోయేవారు. డాక్టరు మోసపోయి మోసపోయి విసిగి ఉన్నాడు. కొమురెల్లికి తోడుగా నేనూ వెళ్లాను. అతను ధోతి పైకి తీయగానే డాక్టరు ఆ చుక్కలను చూశాడు. చేత్తో ముట్టనైనా లేదు, పెన్నుతో చూపించాడు.

"జీడి. ఇంకెంతమంది వస్తారయ్యా ఇదే వేషంతో?"

"ఏషం కాదు సారూ. నొప్పికే పెట్టుకున్న. మా ఇంటిది పెట్టింది."

"అందరూ అదే చెప్తారు. ఫిట్. పో, డ్యూటీకి."

ఆ సాయంత్రం నర్సింగం వచ్చాడు. ఒకప్పుడు కొమురెల్లితో కలిసి బొగ్గు నింపినవాడే. ఇప్పుడు గని బయట లాంప్ రూములో కుర్చీ వేసుకుని, గని దిగేవాళ్లకు టోపీ దీపాలు అందిస్తున్నాడు. మోకాలు నొప్పి అని సంపాదించిన కుర్చీ అది. ఆ మోకాళ్లతోనే మైళ్ల దూరంలోని బసంత్‌నగర్ దాకా సైకిల్ తొక్కి వచ్చేవాడు.

"చుక్కలు పెడతరానె అక్కా? గది జీడి అని బోర్డు కట్టినట్టే గద" అని మల్లక్కను చూసి నవ్వాడు. "గుడ్డకు పలచగ రాసి చుట్టాలె. మచ్చ పడది, వాపొస్తది."

"నాకు ఉన్న నొప్పేనాయె. మల్ల దొంగ వాపెందుకు?" అన్నాడు కొమురెల్లి.

"నీ నొప్పి ఆయనకేం కనవడ్తది బావా. వాపైతే కనవడ్తది. అయితె కుడికాలు ఇగ చెల్లది, దాని మీద మచ్చ పడ్డది. ఎడమది చూపియ్యి."

కొమురెల్లి లేచి, గోడ అవతల ఉమ్మి వచ్చి కూచున్నాడు. నర్సింగం వెళ్లిపోయాక మల్లక్క అంది: "ఇంకో ఏడాది దిగితె నువ్వు లేవవు. నిన్ను ఎవలు ఎత్తాలె?"

నాలుగు రోజుల తర్వాత చూస్తే, ఏ జబ్బూ లేని అతని ఎడమ మోకాలు ఎర్రగా, నున్నగా ఉబ్బి ఉంది.

ఈసారి డాక్టరు చేత్తో నొక్కి చూశాడు. కొమురెల్లి పళ్లు బిగపట్టాడు.

"ఇది అసలైన వాపు. దీన్ని దాచిపెట్టి మొన్న మంచికాలు చూపించావేం? బుద్ధుందా?"

"లేదు సారూ" అన్నాడు కొమురెల్లి.

సర్ఫేస్ డ్యూటీ రాశాడు. ఎడమ మోకాలికి పట్టీ, వారం వారం దవాఖానలో ఎర్ర దీపం వేడితో కాపడం కూడా రాశాడు.

అప్పటినుంచి నలుగురిలో ఎడమకాలు కుంటాలి. అది కుంటితే ఒంటి బరువంతా కుడి మోకాలి మీదే పడుతుంది. దవాఖానలో దీపం వేడి మంచికాలి మీద పడుతుంటే, కాంపౌండరు యోబును బతిమాలేవాడు.

"యోబూ, జర కుడిదాని మీదికి జరుపరాదు?"

"చీటీల ఎడమదున్నది కాకా. నేను జరిపితె నాకు మెమో ఇస్తరు."

కొమురెల్లిని వేసిందీ లాంప్ రూములోనే. నర్సింగం పక్క కుర్చీ. "కాలు మర్చిపోకు బావా, నిన్న కుడిది కుంటినవ్" అని అందరి ముందూ కన్నుగీటేవాడు. ఆ నవ్వులో తననూ కలుపుకున్నందుకు కొమురెల్లికి ఒళ్లంతా చీదరగా ఉండేది. దీపాలు తుడుస్తూ తలెత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళితే తలుపు గడియ పెట్టి ఉంది. మల్లక్క సందులోంచి చూసి తీసింది.

"జల్ది లోపలికి రా సారూ. ఎవలన్న చూస్తె ఏ కాలని అడుగుతరు."

కొమురెల్లి కుడికాలు చాపుకుని కూచున్నాడు. ఆమె ఉప్పుమూట పెనం మీద వేడి చేసి ఆ మోకాలికి అద్దుతోంది. తగిలినప్పుడల్లా అతని కళ్లు మూతలు పడుతున్నాయి.

"నా నొప్పికి మందు దొంగతనంగ పెట్టుకుంటున్న సారూ" అన్నాడు. "నర్సింగానికి గీ తిప్పల్లేదు. వాని రెండు కాళ్లూ మంచియే."

మూట చల్లారింది. మల్లక్క మళ్లీ పెనం మీద పెట్టబోతే వద్దన్నాడు. రెండో షిఫ్టుకు వేళయింది. గోడ పట్టుకుని లేచి, చెప్పులు తొడుక్కుని, గడప దాకా కుడికాలు కుంటుతూ నడిచాడు. గడప దాటాక ఎడమకాలు కుంటుతూ పోయాడు.