వేసవి సెలవులో వచ్చిన తోడల్లుడు

ఎండలు ముదిరాయంటే లెక్కల మేస్త్రి కొట్టు ముందు కాలు పెట్టడానికి చోటుండదు. కాలిపోయిన ఫ్యాన్లు రెక్కలు ఊడదీయించుకుని, డాక్టరు కోసం వచ్చిన రోగుల్లా గోడవారన కూర్చుని ఉంటాయి. బడులకు సెలవులిస్తారు, పిల్లలూ పెద్దలూ ఇంటిపట్టునే ఉంటారు, ఫ్యాన్లు రాత్రింబవళ్ళు తిరిగి తిరిగి కాలిపోతాయి. ఊరంతటికీ సెలవులొచ్చిన రోజే మేస్త్రికి పని మొదలవుతుంది.

లోపల కాలిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం ఆయన వృత్తి. ఒక్కో కాయిల్‌కు మూడు వందల ఎనభై చుట్లు. చేత్తో తిప్పే మిషనుకు అంకెలు చూపే మీటరుంది కానీ, అది అబద్ధాలాడుతుందని ఎప్పుడో దానికి గుడ్డ కట్టేశాడు. నోటితో పైకి లెక్కపెట్టడమే ఆయన పద్ధతి. ఎవరైనా వస్తే వేలెత్తి ఆగమంటాడే తప్ప లెక్క ఆపడు. "అన్నానికి రండి" అని భార్య పిలిస్తే "నూట పన్నెండు" అని జవాబొస్తుంది. ఆయన చుట్టిన ఫ్యాను అదే వేసవిలో మళ్ళీ కొట్టు గడప ఎక్కడం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ జరగలేదు.

ఇంతటి మనిషికీ ఒక మంట ఉంది. దాని పేరు తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు. ఆయన ఒక చలిదేశంలో ఫ్యాక్టరీ పనికి కుదిరి ఆరేళ్ళయింది.

"చెల్లి ఫోన్ చేసిందండీ," అంది భార్య ఒక సాయంత్రం. "వాళ్ళ దగ్గర కాస్త ఎండ కాసిందంటే చాలు, ఫ్యాక్టరీకి తాళమేనట. నాలుగు వారాలు! జీతం ఇచ్చి మరీ పొమ్మంటారట."

"పొమ్మన్నాక మళ్ళీ రానిస్తారా?"

"రానివ్వకేం? ఇంతకుముందు మరిదిగారు పనిచేసిన దేశంలో అయితే, వేసవిలో మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని చట్టమేనట. ఇంకో దేశంలో మధ్యాహ్నం కొట్లన్నీ మూసేసి నిద్రపోతారట."

"ఇక్కడా నిద్రపోవచ్చు. ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే."

మాటకు మాట అప్పజెప్పాడే గానీ మేస్త్రికి ఒళ్ళు మండింది. టైమెంతయిందో చూడాలని భార్య ఫోను అడిగి తీసుకుని, తోడల్లుడు పంపిన ఫొటో చూశాడు. పచ్చగడ్డి మీద వెల్లకిలా పడుకుని, మొహం మీద టోపీ పెట్టుకున్నాడు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. అదేదో తన గుండెల మీదే పడుకున్నట్టు అనిపించింది మేస్త్రికి. ఆ పూట ఆయన మూడుసార్లు టైము చూశాడు.

ఆ నాలుగు వారాల సెలవులోనే తోడల్లుడు దిగబడ్డాడు. భార్యను పుట్టింట్లో దింపి, వదినగారిని చూసి పోదామని ఒక్కడే వచ్చాడు. వచ్చిన మర్నాడే కొట్లోకి వచ్చి, ముక్కాలి పీట ఫ్యాను కిందికి లాక్కుని కూర్చున్నాడు.

"అబ్బ, ఏం ఎండ అన్నయ్యా! ఇందులో పనెలా చేస్తావ్?"

"చేతుల్తో," అన్నాడు మేస్త్రి.

ఆ రోజు ఆస్పత్రి పిల్లల వార్డుకి ఆరు ఫ్యాన్లు అందించాలి. సాయంత్రం అయిదుకి వార్డు ఎలక్ట్రీషియన్ బండి తెస్తానన్నాడు. అయిదు ఫ్యాన్లు సిద్ధంగా ఉన్నాయి. ఆరోదానికి చివరి కాయిల్ చుడుతున్నాడు మేస్త్రి.

"నూట తొంభై ఆరు, నూట తొంభై ఏడు..."

"అక్కడైతే సెలవులో ఫోన్ ఎత్తినా మా సూపర్‌వైజర్ కోప్పడతాడు అన్నయ్యా. 'నువ్వు సెలవులో ఉన్నావు, నీకు పనేంటి?' అంటాడు."

"రెండు వందల నాలుగు..."

"నిజం చెప్పొద్దూ, మొదటి ఏడాది సెలవుల్లో నాకే సిగ్గేసింది. పొద్దున్నే లేచి తయారై కూర్చున్నా. మీ మరదలు నవ్వింది."

మేస్త్రి చెయ్యి తిరుగుతూనే ఉంది, నోరు కదులుతూనే ఉంది. మనసు మాత్రం ఆ పచ్చగడ్డి మీదికి పోయింది. ఇరవై రెండు వేసవులు. తనను పొమ్మన్నవాడు లేడు. పోతే ఆగమనేవాళ్ళే అందరూ. ఈయనకు మాత్రం పని చేయనందుకు జీతమా? చెప్పులు కూడా వేసుకోకుండా పడుకున్నందుకా?

"మూడు వందల పది," అంటోంది నోరు.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. రెండు వందల అరవై దాకా తెలుసు. ఆ తర్వాత డెబ్భైలు వచ్చాయా? తొంభైలు అన్నాడా? ఏమీ గుర్తు రాలేదు. విప్పి మళ్ళీ చుట్టాలంటే తోడల్లుడు ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. ఆ సంగతి బయటపెట్టకుండా మూడు వందల ఎనభై దాకా చుట్టేసి, బిగించి, వార్నిష్ పోసి మేడ మీద ఆరబెట్టాడు. ఆ ఎండవల్ల ఆయనకు కలిగే మేలు అదొక్కటే. గంటన్నరకల్లా వార్నిష్ గట్టిపడిపోతుంది.

నాలుగున్నరకి రెక్కలు తగిలించి స్విచ్చేశాడు. ఫ్యాను హాయిగా తిరిగింది.

"ఏం పనితనం అన్నయ్యా! కొత్తదాన్లా ఉంది," అన్నాడు తోడల్లుడు, మొహం పైకెత్తి.

ఇంకెవరు మెచ్చుకున్నా మేస్త్రికి పట్టేది కాదు. ఈయన మెచ్చుకున్నాడు, పైగా నిజంగానే మెచ్చుకున్నాడు. ఇప్పుడు "తప్పు చుట్టాను" అని ఎలా అనడం? పది నిమిషాలు ఆగి, ఫ్యాను ఆపి, స్టూలెక్కి మోటారుకు అరచేతి వెనకవైపు ఆనించాడు. అరగంటకు ఎక్కాల్సిన వేడి అప్పుడే ఎక్కింది. చుట్లు తక్కువయ్యాయి. పదిరోజులు తిరుగుతుందేమో, తర్వాత కాలిపోతుంది. అది కూడా జ్వరంతో పడుకున్న పిల్ల నెత్తిమీద.

బండి వచ్చింది. ఎలక్ట్రీషియన్ అయిదూ ఎక్కించి, "ఆరోది?" అన్నాడు.

"అది ఇవ్వను. రేపు పొద్దున."

"రేపేంటి మేస్త్రీ! లోపల పిల్లలు ఉడికిపోతున్నారు. ఆ మూల మంచం తల్లి పొద్దుట్నించీ అట్టముక్కతో విసురుతూనే ఉంది. రెక్కలు కూడా తగిలించేశావుగా, ఇచ్చెయ్."

తోడల్లుడు కూడా అందుకున్నాడు. "బ్రహ్మాండంగా తిరిగింది అన్నయ్యా. ఇప్పుడు నేనే చూశాగా!"

మేస్త్రి ఇద్దరి మొహాలూ చూశాడు. మెయిన్ ఆపి, స్టూలు జరిపి, తోడల్లుడి నెత్తిమీద పొద్దుట్నించీ తిరుగుతున్న కొట్టు ఫ్యానుని ఊడదీశాడు. తుడిచి బండిలో పెట్టాడు.

"ఇది తీసుకుపో. మూడేళ్ళ కిందట నేను చుట్టిందే."

బండి వెళ్ళిపోయింది. కొట్లో గాలి బిగుసుకుపోయింది. తోడల్లుడి చొక్కా నిమిషంలో వీపుకి అంటుకుంది.

"అదేంటన్నయ్యా? బాగున్నదాన్ని ఉంచుకుని మనది ఇచ్చేశావ్?"

మేస్త్రి ఆరో ఫ్యాను విప్పి, కటింగ్ ప్లయరుతో ఆ కాయిల్ కోసిపారేశాడు.

"బాగాలేదు. లెక్క తప్పా."

"నువ్వా?"

"నేనే. నీ సెలవులు చూసి కడుపుమండి తప్పా. చాలా?"

తోడల్లుడు చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను లోపలికి పొమ్మనొచ్చుగా?"

"నిన్ను పొమ్మంటే మీ వదిన నన్ను పొమ్మంటుంది."

తోడల్లుడు పకపకా నవ్వాడు. మేస్త్రికి మాత్రం నవ్వు రాలేదు. కొత్త తీగ ఎక్కించి, "ఇక నోరెత్తావంటే ఊరుకోను," అని ఒకటి నుంచి మొదలుపెట్టాడు. తోడల్లుడు లోపలికి పోలేదు. పీట మిషను పక్కకు జరుపుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చెమటలు కారుస్తూ తీగ వైపే చూస్తూ కూర్చున్నాడు. రెండు వందల దగ్గర దగ్గొస్తే చేత్తో నోరు మూసుకున్నాడు. మూడు వందలు దాటాక ఆయన పెదవులు కూడా మేస్త్రి పెదవులతో పాటే కదలడం మొదలుపెట్టాయి.

"మూడు వందల ఎనభై," అన్నాడు మేస్త్రి.

"మూడు వందల ఎనభై," అన్నాడు తోడల్లుడు, ఊపిరి వదులుతూ.

మేస్త్రి తీగ కొస తెంపి ముడేశాడు. ఉండబట్టలేక అడిగాడు. "ఇంకా ఎన్నాళ్ళుంది నీ సెలవు?"

"పద్దెనిమిది రోజులు అన్నయ్యా."

మేస్త్రి పళ్ళు నూరుకుని, గోడవారన ఉన్న తర్వాతి ఫ్యాను ముందుకు లాక్కున్నాడు.