ఖురియాత్ చేరని గుడారం

మొన్న శుక్రవారం, ఇక్కడి వారాంతపు సెలవు రోజున, ఆరాధన అయ్యాక, మా సంఘంలో ఒక కుటుంబం కొత్తగా కొనుక్కున్న కారు చుట్టూ అందరం గుమిగూడాం. పెద్దాయన ప్రార్థన ముగించి, చిన్న సీసాలోని ఒలీవ నూనెను బొటనవేలితో తలుపు మీద రాశారు. మస్కట్ ఎండకు కాలిపోతున్న రేకు మీద ఆ నూనె వేడెక్కి, సన్నటి వాసన లేచింది. అందరూ ఆమేన్ అన్నారు. నా ఆమేన్ కాస్త ఆలస్యమైంది. నేను అప్పటికే ఈ ఊరి శివారు మబేలాలో, గులకరాళ్లు పరచిన ఒక ఖాళీ జాగాలో, పదేళ్ల పిల్లనై నిలబడి ఉన్నాను.

అప్పట్లో నాన్న ఒక కంపెనీలో వెల్డర్. దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు తన పాత క్యారవాన్‌ను యార్డు మూలన వదిలేసి పోతే, నాన్న మేనేజర్‌ని అడిగి, దాన్ని తన డొక్కు పికప్‌కు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. దాని తెల్లరంగు పెచ్చులు లేచి ఉంది, కిటికీ రబ్బర్లు ఎండకు పెళుసెక్కి చేత్తో తాకితే పొడిగా రాలేవి, లోపల పరుపుల్లో ఎలుకలు కాపురం పెట్టాయి, తలుపు చట్రం చెదలు తిన్నదో ఎండ తిన్నదో కూడా తెలియని స్థితిలో ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి దాన్ని పై నుంచి కింద దాకా చూసింది.

"ఊళ్లో సెంటు స్థలం కొనలేదు గానీ, ఈయన గారికి చక్రాల ఇల్లు కావాల్సొచ్చింది," అంది.

"మన పితరులు గుడారాల్లోనే బతికారు కదే. వాళ్లకంటే మనం గొప్పోళ్లమా?" అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గుడారం.

నాన్న తొందరకు ఒక కారణం ఉంది. కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్లు ఎత్తేస్తున్నామని చెప్పింది. క్రిస్మస్ లోపల అమ్మా నేనూ ఇండియాకు వెళ్లిపోవాలి, నాన్న మిగతా మగవాళ్లతో పాటు రూమ్‌కు మారాలి. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనది అని చెప్పుకునే కప్పు కింద ముగ్గురం కూర్చొని ఖురియాత్ సముద్రం ఒడ్డున ప్రార్థన చేసుకోవాలని ఆయన కోరిక. ఆ మాట ఆయన రోజూ అనేవాడు కాదు. డ్యూటీ నుంచి వచ్చి, టీ అయినా తాగకుండా సుత్తి పట్టుకొని బయటికి నడిచే తీరులో అది మాకు వినిపించేది.

ఉక్కపోత తగ్గి, సాయంత్రాలు కాస్త గాలాడే రోజులవి. నాన్న తుప్పు గీకి అతుకులు వెల్డింగ్ చేశాడు, చట్రానికి కొత్త చెక్క వేశాడు, అమ్మ తన రెండు పాత చీరలను కత్తిరించి కిటికీలకు తెరలు కుట్టింది. నేను రంగు డబ్బా అడుగున మిగిలిన నీలం తీసి లోపలి అలమారాకు పూశాను. కొత్త చెక్క వాసన, రంగు వాసన, ఒక మూల స్టవ్ మీద అమ్మ ఎలా ఉంటుందో చూద్దామని కాచిన టీ వాసన కలిసి ఆ ఇరుకు గదిలో నిలిచిపోయేవి. అంతవరకూ మేము ఉన్న ఇళ్లన్నీ కంపెనీవి. గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో అడగాలి. ఇక్కడ మేకులు కొట్టే పని నాన్న నాకే ఇచ్చాడు.

ఒక్క బ్రేకుల పని మాత్రం నాన్నకు చేతకాదు. దానికి ఖాదర్ భాయ్ వచ్చేవాడు. కడప మనిషి, దగ్గర్లోని గ్యారేజీలో మెకానిక్, నాన్నను అన్నా అనేవాడు. ఒక గురువారం చక్రాలు విప్పి, గుడారాన్ని ఇటుకల మీద నిలబెట్టి, బ్రేకుల్లో చక్రాన్ని ఒరిసి ఆపే లైనింగులు కొత్తవి వేశాడు. "వీటి మీద డ్రమ్ములు ఎల్లుండి మూస్తా. అంతదాకా దుమ్ము పడకుండా ఈ గుడ్డ కప్పి పోతాండా," అని చెప్పి వెళ్లాడు.

మరునాడు శుక్రవారం ఆరాధన కాగానే సంఘపెద్దను నాన్న పిలుచుకొచ్చాడు. మా వాళ్లలో కొత్త వస్తువేదైనా ముందు ప్రభువు చేతికి అప్పగించాకే మన వాడకానికి వస్తుంది. ఆయన ప్రార్థన చేసి తలుపు చట్రానికి నూనె రాశారు. కొత్త చెక్క నూనెను పీల్చుకొని, వేలిముద్ర అంత మేర నల్లబడింది. తర్వాత అందరూ టీకి ఇంట్లోకి వెళ్లారు. సీసా మెట్టు మీద ఉండిపోయింది.

నూనె తాకినది దేవుడి సొత్తని, దానికి కీడు రాదని నాకు బోధించారు. నేను మెట్టు మీద కూర్చొని ఆలోచించాను. కదలని ఇంటికి తలుపు మీద నూనె చాలు. కానీ ఈ ఇల్లు కొండ దారిన పోతుంది, దీన్ని మోసేవి చక్రాలు. చక్రాలకు ఎవరూ రాయలేదే! గుడ్డ ఎత్తి, చక్రాలు బిగించే చోట, రెండు వైపులా, సీసాలో ఉన్నదంతా వంపేశాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలో అని కూడా అన్నాను. గుడ్డ మళ్లీ కప్పేశాను.

మరునాటి మధ్యాహ్నం ఖాదర్ భాయ్ వచ్చి డ్రమ్ములు మూసి చక్రాలు బిగించాడు. లైనింగులు అప్పటికి నూనె తాగేసి ఉన్నాయి. పైకి ఏమీ తెలియలేదు.

ఆ వచ్చే శుక్రవారం ఉదయమే బయలుదేరాం. కొండల్లో దిగుడు మొదలయ్యాక అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవరో గారెలు వేస్తున్నట్టుంది చూడండి," అని నవ్వింది. నాన్న నవ్వలేదు. బ్రేకు తొక్కుతున్న కొద్దీ గుడారం వెనక నుంచి పికప్‌ను నెట్టుకొస్తోంది. నాన్న గేరు తగ్గించాడు, పెదవులు కదులుతున్నాయి, ఒక వంపులో లోయ అంచు నా కిటికీ కిందికి వచ్చి వెళ్లింది. ఎలాగో రోడ్డు పక్క గులకరాళ్లలోకి దింపి ఆపాడు. దిగి చూస్తే చక్రం లోపల నుంచి పొగ. నాన్న వేలు పెట్టి చూసుకున్నాడు. జిడ్డు.

"గ్రీజు చేతులతో లైనింగ్ పట్టుకున్నాడు వెధవ. పిల్లను చంపేసేవాడు," అన్నాడు.

నాకు తెలుసు అది ఏ నూనో. వెళ్లి మళ్లీ నా కిటికీ పక్కన కూర్చున్నాను. సముద్రం చూడకుండానే, ఒక లారీ వెనక కట్టించుకొని తిరిగొచ్చాం.

శనివారం నాన్న గ్యారేజీకి వెళ్లి, పనివాళ్లందరి ముందూ, యజమాని వింటుండగా ఖాదర్ భాయ్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. "అన్నా, నేను గుడ్డ కప్పి పోయినా. నా చెయ్యి అట్లాంటి చెయ్యి కాదు," అని అతను ఎంత చెప్పినా వినలేదు. బుధవారం స్కూలు బస్సులోంచి చూశాను. ఖాదర్ భాయ్ గ్యారేజీ బయట పైపు పట్టుకొని కార్లు కడుగుతున్నాడు. అతని చేతిలోంచి పానా తీసేశారు.

శుక్రవారం ఆరాధనలో ప్రభువు బల్లగా పంచే రొట్టె పళ్లెం వరసల వెంట వచ్చింది. నేను ఆడవాళ్ల వైపు అమ్మ పక్కన కూర్చొని చూస్తున్నాను. పళ్లెం నాన్న ముందుకు వచ్చినప్పుడు ఆయన చెయ్యి లేచి, ఆగి, వెనక్కి పోయింది. తీసుకోకుండానే పళ్లెం పక్కాయనకు అందించాడు. నాన్న బల్లను విడిచిపెట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక, రొట్టె ఎందుకు తీసుకోలేదని అమ్మ అడిగింది.

"వాడు తప్పు చేశాడు సరే. అంతమంది ముందు నా నోరూ తప్పు చేసింది కదే," అన్నాడు నాన్న. "అది సర్దుకోకుండా ఎలా తీసుకోను?"

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, ఏడవడం తర్వాత వచ్చింది. నాన్న నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎందుకు పోశావమ్మా?"

"మనం పడిపోకూడదని."

ఆయన కొట్టలేదు. కళ్లు తుడుచుకొని, "పద, చెప్పులేసుకో," అన్నాడు.

సాయంత్రం షాపులు తెరిచే వేళకు వెళ్లాం. నాన్న ఎక్కడ నిలబడి తిట్టాడో అక్కడే నిలబడి, అందరికీ అర్థం కావాలని హిందీలో, తప్పు తన ఇంట్లో జరిగిందని, ఖాదర్ పనిలో దోషం లేదని గట్టిగా చెప్పాడు. నేను ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లాను. "అంకుల్, నూనె నేనే పోశాను."

అతను పైపు నీళ్లు కట్టేశాడు. "ఏం నూనె పాపా?"

"ప్రార్థన నూనె."

"అందుకేనేమో, బ్రేకులు పోయినా మీరు బతికినారు," అన్నాడు. తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని నాన్న వైపు తిరిగాడు. "పాపది సరేన్నా. నీ మాట మాత్రం ఇంకా ఈడ నొప్పి పెడతానే ఉంది. రెండు దినాలు టైమియ్యి."

నాన్న తల వంచాడు.

నూనె తాగిన లైనింగులు ఇక పనికిరావు. కొత్తవి వచ్చేలోపు మా టిక్కెట్టు రోజు వచ్చేసింది. చివరి శుక్రవారం గుడారం ఇటుకల మీదే ఉంది. అమ్మ ఒడ్డున వండుదామనుకున్న వంజరం పులుసు అందులోనే వండింది. జుమ్మా నమాజు అయ్యాక ఖాదర్ భాయ్ మత్రా బజారు నుంచి తెచ్చిన హల్వా పొట్లంతో వచ్చి, ఎవరూ పిలవకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. పానా మళ్లీ అతని జేబులో ఉంది. నాన్న తూర్పు కిటికీ తెర తొలగించి, "ఖురియాత్ సముద్రం అటేపే," అన్నాడు. అటు చూస్తే గులకరాళ్లు, కరెంటు స్తంభాలు. నాన్న ప్రార్థన చేశాడు. ఖాదర్ భాయ్ రెండు అరచేతులూ తెరిచి తన పద్ధతిలో తాను మౌనంగా ఉన్నాడు. మర్నాడు అమ్మా నేనూ విమానం ఎక్కాం.

నాన్న ఉద్యోగం ముగించుకొని ఇండియాకు వచ్చేటప్పుడు గుడారాన్ని ఖాదర్ భాయ్‌కి ఇచ్చి వచ్చాడు. ఇప్పుడు నాన్న ప్రభువు దగ్గర ఉన్నాడు. నేను నర్సుగా ఇక్కడికే తిరిగొచ్చేసరికి మబేలాలో ఆ జాగా నిండా దుకాణాలు లేచాయి. గ్యారేజీ ఉన్నచోట బట్టల ఇస్త్రీ షాపు ఉంది. ఖురియాత్ రోడ్డును వెడల్పు చేసి వంపులు సరిచేశారు. మొదటిసారి వెళ్లినప్పుడు, మేము ఆగిన చోటు ఎక్కడో తెలియకుండానే దాటిపోయాను. సముద్రం ముందు ఒక్కదాన్నే నిలబడి ప్రార్థన చేశాను. కప్పు లేదు.

మొన్న కారు దగ్గర పెద్దాయన మాటల్లో పడి నూనె సీసాను గోడ మీద పెట్టారు. ఆ ఇంటి చిన్నపిల్ల దాన్నే చూస్తోంది. "ఆంటీ, చక్రాలకు రాయరా?" అని అడిగింది.

"వద్దమ్మా. వాటిని ఖాదర్ అంకుల్ లాంటి వాళ్లు చూసుకుంటారు."

"ఆయన ఎక్కడుంటారు?"

నాకు తెలియదు. సీసా తీసుకొని, మూత గట్టిగా బిగించాను.