ఎక్స్ బాబాయి కమీషన్

బాబాయి ఏ వస్తువుకీ తిన్నగా ధర చెప్పిన పాపాన పోలేదు. ముందు అది "ఎక్స్" కావలసిందే. పాత సామాను అమ్మిపెట్టి, నూటికి పది కమీషన్ తీసుకునే దుకాణం ఆయనది. గోడకి నల్లబల్ల, చెవి మీద సుద్దముక్క. అందరూ ఎక్స్ బాబాయి అనే పిలిచేవారు.

ఎవరైనా కుర్చీ తెచ్చి "ఎంతకి పోతుందండీ?" అంటే, "అది తర్వాత. నీ చేతికెంత రావాలి?" అనేవాడు.

"తొమ్మిది వందలు."

"అయితే ధర ఎక్స్ అనుకుందాం."

"ఏదో ఒకటి అనుకోండి బాబూ, బయట బండి ఆగి ఉంది!"

ఆగినందుకు బండివాడు అదనంగా అడిగితే, దాన్ని వై అనుకునేవాడు.

అన్న కూతురికి మాత్రం ఆ సుద్దముక్క చూస్తేనే ఒళ్ళు మండేది. మూడేళ్ళ కిందట నర్సు కోర్సు ఫీజు కోసం తన కుట్టుమిషను అమ్మకానికి తెచ్చింది. మర్నాడే గడువు. చేతికి తొమ్మిది వేలు రావాలి.

"పదిశాతం కలిపి తొమ్మిది వేల తొమ్మిది వందలు పెట్టెయ్ బాబాయ్."

"అందులో పదిశాతం నాకు పోతే నీకు తొంభై తగ్గుతుందే పిచ్చిదానా. ఎక్స్‌లో పదోవంతు నాది. మిగతా తొమ్మిది వంతులు నీ తొమ్మిది వేలు. ఎక్స్ ఎంత?"

"పదివేలు! అంటే సొంత అన్న కూతురి దగ్గర కూడా వెయ్యి మింగుతావన్నమాట!"

"బోర్డు మీద రాసిందే కదమ్మా," అని చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రానికి సరిగ్గా తొమ్మిది వేలు తెచ్చిచ్చాడు. ఆమె తీసుకుంది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. పోయిన నెల బాబాయి కన్నుమూశాడు. దుకాణం ఖాళీ చేసే పని ఆమె మీద పడింది.

రెండోరోజు ఒక టైలరమ్మ ఆ కుట్టుమిషన్నే మోయించుకొచ్చింది. కొత్తది కొనుక్కుందట.

"దీన్ని మీరు పదివేలకి కొన్నారు కదూ?"

"పదివేలా! నా దగ్గరున్నవే ఎనిమిది వేలు. మీ బాబాయిగారు బల్ల మీద కాసేపు గీకి, తీసుకెళ్ళమన్నారు. మరి మీ కమీషనో అంటే, 'ఈసారి దాన్నే ఎక్స్ అనుకున్నానమ్మా. మైనస్ వెయ్యి వచ్చింది. అదీ జవాబే' అన్నారు."

అన్న కూతురు కుర్చీలో కూలబడింది. వెయ్యి మింగాడని తను మూడేళ్ళు మాట మానేసింది. ఆయనేమో వెయ్యి చేతినుంచి పెట్టుకుని నోరు మూసుకున్నాడు. ఒక్కసారి ఫోనెత్తి ఉంటే తన సొమ్మేం పోయేది?

"ఏమ్మా, అమ్మిపెడతారా?"

కళ్ళు తుడుచుకుని సుద్దముక్క అందుకుంది. "మీ చేతికెంత రావాలి?"

"నాలుగున్నర వేలు."

"పదిశాతం కలిపి... నాలుగు వేల తొమ్మిది వందల యాభై."

టైలరమ్మ ఫక్కున నవ్వింది. "నాకు నలభై అయిదు తగ్గుతుంది కదమ్మా! ఆ సుద్ద ఇలా ఇవ్వండి," అంటూ బల్ల దగ్గరికి నడిచింది. "ముందు ధర ఎక్స్ అనుకుందాం."